పాట ఆగితే పట్టించుకున్నామా?

"సినిమా పత్రికలో రాజకీయాలెందుకండీ? హాయిగా పాటల గురించి రాయకూడదూ?" అనే పాఠకులు ఎప్పుడూ ఉంటారు. సరే, వారి మాటే కానిద్దాం. ఈ వారం పాటల గురించే. అదీ ఆషామాషీ పాటలు కావు, కిశోర్ కుమార్ పాటలు!

1976 మే 4వ తేదీ నుంచి ఆకాశవాణిలో కిశోర్ గొంతు వినిపించలేదు. 1969లో 'ఆరాధన' వచ్చిన దగ్గర్నుంచి దేశమంతా కూనిరాగాలు తీస్తున్న గొంతది. హిందీ రాని మన కుర్రాళ్ళు సైతం మాట తప్పినా బాణీ తప్పకుండా పాడుకున్న గొంతు. మరి ఏమైంది? జలుబు చేసిందా? లేదు. పాటలు పాతబడ్డాయా? అదీ లేదు. ఆయన ఢిల్లీ వారి మాట వినలేదు. అంతే!

1975 జూన్ 25 రాత్రి దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. ఇందిరా గాంధీ గారి ఇరవై సూత్రాల కార్యక్రమానికి సినిమా వాళ్ళు కూడా ప్రచారం చేయాలని సమాచార ప్రసార శాఖ కోరింది. మంత్రి విద్యాచరణ్ శుక్లా. బొంబాయిలో కిశోర్‌ని కలుస్తామని అధికారులు కబురు పెట్టారు. ఆయన కలవనన్నాడు. ఇక చూడండి... రేడియోలో పాటలు బంద్. దూరదర్శన్‌లో బంద్. ఆయన నటించిన సినిమాల మీద, గ్రామఫోను రికార్డుల అమ్మకం మీద కూడా కన్ను పడింది. ఇదంతా ఆ తర్వాత షా కమిషన్ విచారణలో బయటపడ్డ సంగతి. సహకరిస్తానని జూన్‌లో ఆయన ఉత్తరం రాసిచ్చాకగానీ పాటలకు విముక్తి కలగలేదు.

ఆయన్ని వీరుణ్ణి చేసి దండ వేయక్కర్లేదు. పాడి బతికే మనిషి. మొదట కాదన్నాడు, తర్వాత తలవంచాడు. వంగిన మెడను వెక్కిరించే ముందు దాన్ని వంచిన చెయ్యి ఎవరిదో చూడాలి గదా!

ఆ చెయ్యి ఎలా పని చేసిందో గమనించండి. పాటలు ఆపమని ఏ చట్టమూ చేయలేదు. ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు. ఒక ఆఫీసులో నిర్ణయం జరిగింది, ఇంకో ఆఫీసుకి ఫోను వెళ్ళింది. రేడియో వాళ్ళు "ఫలానా వారి పాటలు వేయబోము" అని చాటింపు వేయరు. ఇంకో పాట వేస్తారు. మనం ఆ పాటా వింటాం. బాగుందని తల కూడా ఊపుతాం!

★

పాటకే ఇంత జరిగితే సినిమాకి?

1975 ఫిబ్రవరిలో గుల్జార్ తీసిన 'ఆంధీ' వచ్చింది. సుచిత్రా సేన్ రాజకీయ నాయకురాలు. ఆ చీరకట్టు, జుట్టులో ఆ తెల్ల పాయ చూసి ఇందిర గారే అన్నారు జనం. ఎమర్జెన్సీలో ఆ బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ 1977లో ప్రభుత్వం మారాకే మోక్షం.

'ఆంధీ' కనీసం డబ్బాలో భద్రంగా ఉంది. 'కిస్సా కుర్సీ కా'కు ఆ అదృష్టం కూడా లేదు. తీసినవాడు అమృత్ నహతా, ఆనాటి కాంగ్రెసు పార్లమెంటు సభ్యుడే. కుర్చీ కోసం ఆడే నాటకాల మీద వ్యంగ్యం అది. ఆ సినిమాని నెగెటివ్‌తో సహా స్వాధీనం చేసుకున్నారు. గుర్గాఁవ్‌లోని మారుతి ఫ్యాక్టరీ ఆవరణలో తగలబెట్టించారన్నది కేసు. 1979 ఫిబ్రవరిలో సంజయ్ గాంధీకి, శుక్లాకి రెండేళ్ళ శిక్ష పడింది. 1980 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. నిర్దోషులన్నది చివరి తీర్పు, అదీ చెప్పుకోవాలి. కానీ మొదటి సినిమా మాత్రం మళ్ళీ ఎవరికీ దొరకలేదు. నహతా మళ్ళీ మొదటి నుంచీ తీసుకోవాల్సి వచ్చింది. ఆ రెండో బొమ్మే 1978లో విడుదలైంది. అందులో 'జనత' పేరుగల మూగపిల్లగా షబానా ఆజ్మీ వేసింది. పేరు జనత, నోట మాట లేదు. వ్యంగ్యం అర్థమైంది గదూ?

★

ఫిల్ము కాలితే మళ్ళీ తీయొచ్చు. మనిషి పోతే?

కన్నడంలో 'సంస్కార' (1970) చూశారా? అందులో చంద్రిగా నటించిన స్నేహలతా రెడ్డి మన నెల్లూరు వారి కోడలు. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన కవి పఠాభి ఉన్నారే, ఆయన భార్య. ఆ సినిమాకి దర్శకుడూ ఆయనే. మద్రాసు సెన్సారు వారు మొదట కాదన్న ఆ సినిమాకే తర్వాత జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది.

జార్జి ఫెర్నాండెజ్‌తో స్నేహం ఉన్నందుకు బరోడా డైనమైట్ కేసు పేరుతో 1976 మే నెలలో ఆమెను అరెస్టు చేశారు. కిశోర్ పాటలు ఆగిన నెలే. ఆమెకు ఉబ్బసం. బెంగుళూరు జైల్లో ఎనిమిది నెలలు ఆయాసపడుతూనే గడిపింది. చివరకు కోర్టులో వేసిన ఛార్జిషీటులో ఆమె పేరే లేదు! ప్రాణం మీదికి వచ్చాక పెరోలు మీద వదిలారు. వదిలిన కొద్ది రోజులకే, 1977 జనవరి 20న ఆమె కన్నుమూసింది.

మనలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? అభిమాన తార పుట్టినరోజు, ఇష్టమైన కూర, ఎక్కిన కారు రంగు... ఇవన్నీ కంఠతా వచ్చిన మనకు?

★

ఆ రోజుల్లో పేపర్లలో రాజకీయ వ్యాఖ్యలు రాసేవాళ్ళ గతీ ఇదే. రాసింది ముందు సెన్సారు అధికారికి చూపించాలి. 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' 1975 జూన్ 28న సంపాదకీయం చోటు తెల్లగా వదిలేసింది. కార్టూనిస్టు శంకర్ నడిపిన 'శంకర్స్ వీక్లీ' ఆ ఆగస్టు 31తో మూతపడింది. నవ్వే పత్రికకు ఆ గాలి పడలేదు.

1977 మార్చిలో ఎన్నికలు వచ్చాయి. ఉత్తరాది కాంగ్రెసుని ఊడ్చేసింది. రాయ్‌బరేలీలో ఇందిర గారే ఓడిపోయారు. మరి మన ఆంధ్రప్రదేశ్? 42 సీట్లలో 41 కాంగ్రెసుకే! మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి గారు ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు.

ఎందుకలా జరిగిందంటే కారణాలు చాలా చెబుతారు. బలవంతపు ఆపరేషన్ల వేడి ఉత్తరాదిలో తగిలినంత ఇక్కడ తగల్లేదని, ఇక్కడ ప్రతిపక్షం బలంగా లేదని... ఓటరు తప్పు చేశాడని అనడం లేదు. ఎవరికి వేయాలో అతని ఇష్టం. ఎన్నికల ముందు సెన్సారు సడలించిన మాటా నిజమే. కానీ అంతకు ముందు ఏడాదిన్నర పాటు కత్తిరించిన వార్తలే చదివినవాడు ఒక్కసారిగా దేన్ని తక్కెడలో వేసి తూచగలడు? పక్క రాష్ట్రంలో ఏం జరిగిందో అతనికి ఎవరు చెప్పారు?

★

ఇదంతా ఒక పార్టీ కథ అనుకుని చప్పట్లు కొడుతున్నారేమో, ఆగండి.

రిజర్వేషన్ల మీద తీసిన తమిళ చిత్రం 'ఒరే ఒరు గ్రామత్తిలే'ని విడుదల చేస్తే గొడవలవుతాయన్నారు తమిళనాడులో. గొడవ చేస్తామన్నవాడికి భయపడి మాట్లాడేవాడి నోరు నొక్కకూడదని, శాంతిభద్రతలు చూసుకోవడం ప్రభుత్వం పని అని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది. సెన్సారు మీద అప్పీలుకు ఢిల్లీలో ఒక ట్రిబ్యునల్ ఉండేది. 2021లో దాన్నీ ఎత్తేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళ్ళాలి. పెద్ద కంపెనీలకు లాయర్లుంటారు. వడ్డీకి తెచ్చి సినిమా తీసిన చిన్న నిర్మాతకు కోర్టు వాయిదా కంటే వడ్డీ ముందు పరిగెత్తుతుంది.

మన దగ్గర? 2019 ఎన్నికల వేళ 'లక్ష్మీస్ ఎన్టీఆర్' మార్చి 29న తెలంగాణలో ఆడింది, ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు ఉత్తర్వుతో ఆగింది. సినిమా బాగుందా లేదా, ఎవరికి లాభం అన్నది వేరే సంగతి. కోర్టు ఆపితే కాగితం మీద కారణం ఉంటుంది, పైకోర్టులో వాదించుకోవచ్చు. ఫోను మీద ఆగిన పాటకు ఆ దారి కూడా లేదు. కానీ ఆ రోజుల్లో అభిమానుల వాదన ఎలా సాగింది? "మా వాడి బొమ్మ ఆపితే అన్యాయం, మీ వాడి బొమ్మ ఆపితే చట్టం!"

సొంత అభిప్రాయానికి అసలు పరీక్ష అక్కడే ఉంది. రోజూ పేపరు తెరిచినప్పుడు, ఫోనులో ఎవరో అరుస్తుంటే విన్నప్పుడు, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆపింది ఎవరు? ఏ చట్టం కింద? కాగితం మీద రాసిచ్చారా? ఆ పైన నాలుగోది... ఇదే పని నాకు నచ్చని పార్టీ చేసి ఉంటే నేను ఏమనేవాణ్ణి? రెండు చోట్లా మీ జవాబు ఒకటే అయితే ఆ అభిప్రాయం మీది. వేరువేరుగా వస్తే, మీ నోట ఎవరో ప్లేబ్యాక్ పాడుతున్నారన్నమాట!

తెర మీద పెదాలు కదిపినా పాటవాడికి పేరిస్తాం. మరి మన నోట పాడేవాడి పేరు కనుక్కోవద్దూ? ఏమంటారు?