కారు స్నానానికి రెండు బకెట్లు చాలు



మద్నూర్ వంటి చోట కారు ఉంచుకొన్నవారికి మట్టితో సహవాసం తప్పదు. మహారాష్ట్ర, కర్ణాటకలకు చేరువనున్న మా ప్రాంతమంతా నల్లరేగడి. వానాకాలంలో అది జిగురుబురదయై చక్రాలను పట్టుకొంటుంది; ఎండాకాలంలో మెత్తని దుమ్మయి అద్దాలమీద పేరుకొంటుంది. ఈ మురికిని వదలగొట్టే విషయంలో జనం రెండు వర్గాలుగా చీలిపోయారు. గొట్టం పట్టి వాకిలిని మడుగు చేసేవారు ఒక వర్గం. నీటిచుక్క తగలనీయక భుజంమీది తువ్వాలుతో బరబర తుడిచి, పొదుపు చేశామని మురిసిపోయేవారు రెండవ వర్గం. మొదటివారి వలన నీటికి, రెండవవారి వలన రంగుకు హాని కలుగుతున్నదని నా అభిప్రాయం.

ముందుగా పొడిగుడ్డ సంగతి చూద్దాం. కారు రంగుపైన పారదర్శకమైన పూత ఒకటి ఉంటుంది. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. అనగా మన తలవెంట్రుక కంటె పలుచన. రోడ్డు దుమ్ములోని ఇసుకరేణువులకు గాజునే గీయగల కాఠిన్యం ఉన్నది. గుడ్డ కింద ఆ రేణువులను ఉంచి రుద్దడమంటే గరుకుకాగితంతో తోమడమే. ఎండలో నిలిపినప్పుడు బానెట్టుమీద సాలెగూడువలె కనబడే సన్నగీతలు చాలావరకు ఇట్లు పుట్టినవే.

ఇక గొట్టం లెక్క. నిమిషంలో 15 లీటర్ల బకెట్టు నింపే ధార అయితే పది నిమిషాలకు 150 లీటర్లు. 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలని లక్ష్యం పెట్టుకొన్నది. ఒక కారు స్నానం దాదాపు ముగ్గురి దినభత్యమన్నమాట! మంజీర నీటిపై ఆధారపడిన లాతూరుకు 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుండి రైలులో తాగునీరు తెచ్చిన సంగతి మనమెరిగినదే. ఆ మంజీరయే దిగువన మన నిజాంసాగరానికి వచ్చేది. 2024 మార్చిలో బెంగుళూరు నీటి సరఫరా మండలి తాగునీటితో వాహనాలు కడగరాదని, కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. జరిమానా వచ్చేదాకా ఆగడం విజ్ఞుల లక్షణం కాదు.

మరి ఉపాయమేమి? అంట్లు తోమే ప్రతి ఇల్లాలికీ తెలిసినదే: నానబెట్టడం. ఎండిన రేగడి రాయివలె ఉన్నా, నీరు తగిలి కాసేపు నానితే తానే పట్టు వదలుతుంది.

కారును నీడన నిలిపి, ఒళ్ళు చల్లారనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కారు షాంపూ కొద్దిగా కలిపిన నీరు, రెండవదానిలో గుడ్డ జాడించడానికి మంచినీరు. బట్టల సబ్బు వద్దు; అది రంగుమీది మైనాన్ని తీసివేస్తుంది. మొదట చెంబుతో పైకప్పు మీదినుండి నెమ్మదిగా నీరు జారవిడవాలి. చేతిపంపు స్ప్రేయరయితే ఇంకా తక్కువ నీరు పడుతుంది. అయితే చేలో మందు కొట్టిన పంపును దీనికి తేరాదు. కొత్తది వేరుగా ఉంచుకోవాలి. అయిదు నిమిషాలు నానిన పిమ్మట మైక్రోఫైబర్ గుడ్డను షాంపూ నీటిలో ముంచి, అదమకుండా, సున్నాలు చుట్టకుండా, ఒకే దిక్కుగా తుడవాలి. గుడ్డను నాలుగు మడతలు పెడితే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒకటి మురికికాగానే మరొకటి. అన్నీ అయినాక మంచినీటిలో జాడించి, ఆ తరువాతనే షాంపూ నీటిలో ముంచాలి. పైకప్పు, అద్దాలు, బానెట్టు, తలుపులు, చిట్టచివర చక్రాలు. చక్రాల గుడ్డ వేరు. అది పొరపాటున కూడా తలుపులమీదికి రాకూడదు. కడకు తడి ఆరకముందే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దితే నీటిమరకలు నిలువవు. ఇంతటికీ ముప్పయి లీటర్లు మించవు.

తలుపుల అడుగున బురద అంగుళం మందాన కట్టి ఉంటే ఇంకొక బకెట్టు ఖర్చు చేయవలసినదే. అక్కడ పొదుపు చూపితే రంగు పోతుంది. తడిగుడ్డ కప్పి నానబెట్టి, చెంబులతో నీరు పోసి బురదను దానంతట అదే జారనివ్వాలి. గోటితోనో పుల్లతోనో గీకరాదు. బండిని చెరువులోనికో వాగులోనికో దింపి కడిగే అలవాటు మాత్రం మానుకోవలసినదే. ఇంజను నూనె, గ్రీజు కలిసిన నీటినే పశువులు తాగుతాయి కదా!

దసరాకు ఆయుధపూజ పేరిట ఊరిలోని వాహనాలన్నిటికీ ఒకే దినం తలంటు జరుగుతుంది. ఆ ఒక్కనాడు ప్రతి వాకిట్లోనూ గొట్టానికి బదులు రెండు బకెట్లు కనబడితే ఊరి ట్యాంకులో ఎంత నీరు మిగులుతుందో మీరే లెక్క కట్టండి. వాహనానికి పూజ చేసే చేతులు దానిని కడిగే నీటికి కూడా అంత మర్యాద చూపాలని నా మనవి. అరగంట ఓపిక ఉంటే నీరూ మిగులుతుంది, రంగూ నిలుస్తుంది.

మీ ఊళ్ళలో ఎట్లా కడుగుతున్నారో తెలియజేయగలరు.