సారె మీద మట్టి, తెర మీద పాట

మన చానెళ్లలో పిల్లల పోటీ అంటే ముందు గుర్తొచ్చేది పాటే. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఈటీవీలో మొదలుపెట్టిన 'పాడుతా తీయగా' ఇప్పుడు ఆయన కుమారుడు చరణ్ చేతుల్లో నడుస్తోంది. విజయ్ టీవీ 'సూపర్ సింగర్' 2006లో వచ్చింది. కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్లలో పిల్లలు రెండూ చూస్తారు, రెండు భాషల్లోనూ పాడతారు. చిక్కల్లా ఆ తర్వాతే. తెలుగు పాటను తడబడకుండా పాడిన పిల్లకు అదే పాటను తెలుగులో రాసి ఇస్తే చదవలేదు.

ఆ పిల్ల నోటుపుస్తకం తెరిస్తే పాట తమిళ అక్షరాల్లో ఉంటుంది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. ప, బలకూ అంతే. 'కాలి' అని రాసినా 'గాలి' అని రాసినా కంటికి ఒకటే. 'పాట'కూ 'బాట'కూ తేడా కనిపించదు. ఒత్తుల మాట ఇక చెప్పనక్కరలేదు. ఇది తమిళ లిపి లోపం కాదు, తమిళానికి అది చక్కగా సరిపోతుంది. మన పాటకే చాలదు. పిల్ల చెవి పదునుగా ఉన్నంత కాలం నెట్టుకొస్తుంది, చెవి తప్పిన చోట సరిచూసుకోవడానికి కాగితం సాయపడదు. వేదిక మీద ఒక్క ఒత్తు జారినా పిల్లల్ని ఆపి మళ్లీ పలికించిన బాలు, తాను తమిళంలో పాడే ముందు తమిళ ఉచ్చారణ దిద్దుకున్న మనిషి. నెల్లూరు సీమ నుంచి వచ్చి అటు దాటినవాడికి, ఇటు దాటే పిల్లల ఇబ్బంది తెలుసు.

బ్రిటన్‌లో 2015లో బీబీసీ కుండల పోటీ ఒకటి మొదలుపెట్టింది. పేరు 'ది గ్రేట్ పాటరీ త్రో డౌన్'. తర్వాత అది ఛానల్ 4కు మారింది. అందులో మట్టి పిసకడం దగ్గర్నుంచి అన్నీ చూపిస్తారు. సారె మీద గోడ వంగిపోవడం, ఆరేటప్పుడు బీట తీయడం, కొలిమిలోంచి పగిలిన ముక్కలు బయటికి రావడం, ఏదీ దాచరు. మంచి కుండ కనిపిస్తే న్యాయనిర్ణేత కీత్ బ్రైమర్ జోన్స్ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. (మన దగ్గర కన్నీళ్లకు కరువు లేదు. కాకపోతే అవి ఎలిమినేషన్ రోజున వస్తాయి.) పాటల పోటీలో మనం చూసేది కాలిన కుండనే. దాని వెనుక పిసికిన మట్టి, అంటే అక్షరం, పదం, అర్థం, తెర మీదికి రాదు.

మన సినిమాల్లో కుమ్మరి లేడని కాదు. గోరా కుంభార్ కథతో 1948లో తమిళంలో 'చక్రధారి' వచ్చింది. కుమ్మరి భక్తుడిగా నటించింది మన నాగయ్య. 1977లో అదే పేరుతో తెలుగులో అక్కినేని నటించారు. రెండు భాషల ప్రేక్షకులకూ గుర్తుండిపోయింది కుమ్మరి భక్తి, ఆయన పాట. ఆయన పని ఎవరికి గుర్తుంది?

ఆ పని చూడాలంటే మదురై వాళ్లు దూరం పోనక్కరలేదు. వైగై ఒడ్డునే, శివగంగ జిల్లాలో మానామదురై ఉంది. కచేరీల్లో వినిపించే ఘటం అక్కడ తయారవుతుంది. సారె మీద రూపం వచ్చాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి కొట్టి గోడను గట్టిపరుస్తారు; ఆరబెట్టి కాలుస్తారు. ఆ ఊరి మట్టిపనికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. త్యాగరాజు తెలుగు కీర్తనకు తాళం పట్టేది ఆ తమిళ ఊరి మట్టి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై 2015–16కు పదో తరగతికి చేరింది. తమిళం మొదటి భాగమైంది. మాతృభాష నాలుగో భాగంలో, ఇష్టముంటే చదువుకునే పాఠంగా మిగిలింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పదో తరగతి తమిళ పేపరు నుంచి మన పిల్లలకిచ్చిన మినహాయింపు కూడా ఒక్క ఏడాదికే. తమిళం వద్దని మేము అనడం లేదు, ఇక్కడ బతికే పిల్లలకు అది రావాలి. అయితే 'ఇష్టముంటే' అన్న చోట ఇష్టం పుట్టించే పని కోర్టుది కాదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నట్టు, ఏళ్ల తరబడి నిలబెట్టిన తెలుగు సెక్షన్ ఒక్క జూన్‌లో పిల్లలు చేరకపోతే మూతపడుతుంది.

ఆ ఇష్టం పాటలో ఇప్పటికే ఉంది. దాన్ని గొంతు దగ్గరే ఆపేస్తున్నాం. మన బడుల వార్షికోత్సవ పాటల పోటీల్లో పదికి మూడు మార్కులు రాతకు పెట్టవచ్చు. పాడబోయే పల్లవిని పిల్లే తెలుగులో తన చేత్తో రాయాలి, తెలియని మాటకు అర్థం పక్కన రాయాలి. మదురై బడులు ఒక శనివారం ఆరు, ఏడు తరగతుల్ని మానామదురై తీసుకెళ్లవచ్చు. అక్కడివాళ్లను తమిళంలోనే అడగనివ్వండి. ఇంటికొచ్చాక సారె, కుదురు, మూకుడు, బాన అని తెలుగులో రాయనివ్వండి. మొదటిసారి రాతలు వంకరగానే ఉంటాయి. వాటినీ గోడకు అంటించండి, తప్పులు దిద్దకముందే.