తరగతి గది బయట కూడా చదువే

పాతికేళ్ళ కిందట మన పేటల్లో డిగ్రీ చదివిన పిల్లవాణ్ణి ప్రత్యేకంగా చూపించి చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఆదోనిలోగాని, ఎమ్మిగనూరులోగాని పొద్దున పూట వీధిలో నిలబడి చూస్తే పుస్తకాల సంచీతో కాలేజీకి పోయే మన అబ్బాయిలు, అమ్మాయిలు కనిపిస్తారు. అల్‌హందులిల్లాహ్, ఇది సంతోషించవలసిన మార్పు. అయితే మూడేళ్ళు గడిచి పట్టా చేతికి వచ్చిన రోజున, దానితోపాటు ఇంకేమి వచ్చిందని ఎప్పుడైనా అడిగామా? మండలాఫీసుకు ఒక అర్జీ సొంతంగా రాయమంటే తడబడేవారు, పదిమందిలో లేచి నాలుగు మాటలు మాట్లాడమంటే తల దించుకునేవారు, బి.కాం. చదివి నాన్నగారి దుకాణం లెక్క తేల్చలేనివారు మన పట్టభద్రులలో ఎంతమంది లేరు? తప్పంతా పిల్లలదే అనడం న్యాయం కాదు. పాఠం విని, గైడు బట్టీపట్టి, పరీక్ష రాసి రావడమే చదువని వాళ్ళకు నేర్పింది మనమే.

ఇస్లాం చరిత్రలో విద్య నాలుగు గోడల మధ్య పుట్టలేదు. మదీనాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) మస్జిద్ పక్కనే ఒక అరుగు ఉండేది. దానిని సుఫ్ఫా అంటారు. ఇల్లూ వాకిలీ లేని పేద సహాబాలు అక్కడే ఉండి, అక్కడే నేర్చుకున్నారు. వారిలో పగలు కట్టెలు తెచ్చి అమ్మి, రాత్రిళ్ళు ఖుర్ఆన్ నేర్చుకున్నవారు ఉన్నారు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో పరిహారం చెల్లించలేనివారు, చదువు వచ్చినవారైతే, మదీనా పిల్లలకు రాయడం నేర్పి విడుదల పొందారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకొమ్మని ప్రవక్త (స) ఆదేశిస్తే ఆయన కొద్ది రోజులలోనే నేర్చుకుని ఉత్తరప్రత్యుత్తరాలు నడిపారు. ఎవరి దగ్గర విద్య ఉంటే వారి దగ్గర, ఎక్కడ వీలైతే అక్కడ, సమాజానికి ఏది అవసరమైతే అది నేర్చుకోవాలన్నదే ఆ కాలపు పద్ధతి.

అంత దూరం పోకుండా మన జిల్లానే చూద్దాం. కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాలను నెలకొల్పిన డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ అరబీ విద్యలో ఆరితేరి, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్ళి చదివిన పండితులు. తాను చదివి ఊరుకోలేదు, వెనుకబడిన సీమ పిల్లలకు ఒక కాలేజీ కావాలని తపించారు. 2016లో కర్నూలులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. అలీగఢ్‌లో 1890లో సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ డ్యూటీ సొసైటీని స్థాపించారు. దాని సభ్యులైన విద్యార్థులు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి, బీద విద్యార్థుల ఫీజులకు ఇచ్చేవారు. చందా కోసం పదిళ్ళ గడప తొక్కినవాడికి మాట్లాడటం, లెక్క రాయడం, అవమానాన్ని దిగమింగడం అన్నీ వచ్చాయి. ఆ విద్య ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఆ సాహెబ్‌జాదానే తర్వాత అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఇప్పుడు మన ముందున్న అవకాశం సంగతికి వద్దాం. 2020–21 విద్యా సంవత్సరం నుంచి మన రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు పూర్తిగా పనిలో శిక్షణ అని దాని ఏర్పాటు. ఆ తర్వాత కోర్సుల స్వరూపంలో మార్పులు వచ్చాయి. తమ బ్యాచ్‌కు ఏ నిబంధన వర్తిస్తుందో ప్రతి విద్యార్థీ కాలేజీలోనే అడిగి తెలుసుకోవాలి. ముఖ్యమైన విషయం ఒకటే. తరగతి బయట నేర్చుకున్నదానికి కూడా మార్కులిస్తామని ప్రభుత్వమే అంటున్నది. మా తరానికి ఇలాంటి వీలు లేదు.

కాని దీన్ని మనం ఏం చేస్తున్నాం? జిరాక్స్ దుకాణాల్లో తయారుగా ఉన్న ప్రాజెక్టు రిపోర్టు కొని, పై అట్ట మీద పేరు మార్చి, తెలిసినవారి దుకాణం ముద్ర వేయించి ఇచ్చేసేవారు ఉన్నారు. పని చేయకుండానే పని చేశామని సంతకం! చాలామందికి ఇది తప్పుగానే తోచడం లేదు, అందరూ చేస్తున్నదే కదా అంటున్నారు. సోదరులారా, మనం సూటిగా చెప్పుకోవాలి. ఇది అబద్ధపు సాక్ష్యం. ముద్ర వేసిన దుకాణదారు, సంతకం చేసిన పెద్దమనిషి, డబ్బిచ్చిన తండ్రి, అందరూ ఇందులో భాగస్థులే. అమానతు అంటే దాచమని ఇచ్చిన సొమ్ము మాత్రమే కాదు. అల్లాహ్ ఇచ్చిన వయసు, సమయం కూడా అమానతే. దీనిలో మోసపోయేది విశ్వవిద్యాలయం కాదు. రేపు ఉద్యోగానికి వెళ్ళినచోట నువ్వు చేసిన ప్రాజెక్టు గురించి చెప్పమని అడిగినప్పుడు నోరు పెగలని మన బిడ్డే మోసపోతాడు.

నిజంగా చేద్దామనుకుంటే మన పడమటి ప్రాంతంలో పనికి కొదవా? 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి అక్షరం రాదు. వానలు మొగం చాటేసిన ఏడు కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీయడానికి వలసపోతాయి. బడిలో ఉన్న పిల్లలూ వెంట పోతారు. తిరిగి వచ్చేసరికి వాళ్ళు చదివిన నాలుగక్షరాలు మరచిపోయి ఉంటారు. ఒక విద్యార్థి తన సేవా ప్రాజెక్టుకు ఒక వీధిని తీసుకుని, ఎన్ని ఇళ్ళు వలసపోయాయి, ఎంతమంది పిల్లలు బడి మానారు, ఎవరికి ఆధార్ లేదు, ఎవరికి పింఛను రాలేదు అని ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటే అదే గొప్ప చదువు. ఆ కాగితం పట్టుకుని హెడ్‌మాస్టరు దగ్గరికో, సచివాలయానికో వెళ్ళి నలుగురు పిల్లలను మళ్ళీ బడిలో కూర్చోబెడితే అది చదువూ అవుతుంది, సదఖా కూడా అవుతుంది. ఆ వీధి మనవాళ్ళదే కానక్కరలేదు. పొరుగువాడి హక్కు అతని మతం చూసి నిర్ణయమయ్యేది కాదు.

అక్షరం నేర్పితే ఏమవుతుందో మన తెలుగు నేల చూసింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు పెట్టి వయోజనులకు చదువు చెప్పారు. ఆ బడులకు వచ్చిన దూబగుంట ఆడపడుచులు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ రాత్రి బడుల్లో పాఠం చెప్పినవారు పెద్ద పండితులు కారు, ఊరి కుర్రవాళ్ళే. నేడు కూడా 2022 నుంచి ఉల్లాస్ పేరుతో వయోజన విద్యా కార్యక్రమం నడుస్తున్నది. ఇందులో స్వచ్ఛందంగా పాఠం చెప్పడానికి విద్యార్థులకు అవకాశం ఉన్నది. సొంత నానమ్మకు సంతకం నేర్పడంతో మొదలుపెట్టవచ్చు.

స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్ సంగతి చూస్తే ఆదోని మార్కెట్ యార్డును మించిన పాఠశాల ఏది? రాష్ట్రంలోనే పేరుపడ్డ పత్తి మార్కెట్ మన వాకిట్లో ఉన్నది. పత్తి పింజ పొడవు, తేమ చూసి ధర ఎట్లా కడతారు, తూకం, కమీషను, హమాలీ ఖర్చు ఎట్లా తీస్తారు, జిన్నింగు మిల్లులో గింజ వేరై బేలు ఎట్లా తయారవుతుంది అన్నవి తెలిస్తే కామర్సు పుస్తకం దానంతటదే అర్థమవుతుంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం ప్రారంభించారు. దళారి చేతిలో నలిగిపోతున్న నేతగాడికి నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకుని అమ్మిపెట్టే ఏర్పాటది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ సంఘం ఎట్లా ఎదిగింది, మగ్గాలు ఎందుకు తగ్గాయి, ఆ ఇళ్ళలోని పిల్లలు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారు అని ముసలి నేతగాళ్ళను అడిగి రాసిన విద్యార్థికి ఆర్థికశాస్త్రం ఎవరూ చెప్పనక్కరలేదు. చరిత్ర చదివేవారికి 17వ శతాబ్దంలో బీజాపూర్ వారి కాలంలో సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన ఆదోని షాహీ జామియా మస్జిద్ ఉన్నది, కొండ మీద కోట ఉన్నది. రోజూ దాని ముందు నుంచి పోతూ కూడా దాన్ని ఎవరు కట్టించారో చెప్పలేని పిల్లలు మన ఇళ్ళలో ఉండటం బాధాకరం.

కాలేజీలోనే ఉన్న రెండు ద్వారాలను కూడా మనవాళ్ళు తక్కువగా తడుతున్నారు. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న మొదలైంది. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. ఏడు రోజులు వేరు వేరు కులాల, మతాల పిల్లలతో కలిసి పలుగు పారా పట్టి, కలిసి తిని, కలిసి పడుకున్నవాడి మనసులో అనుమానాలకు చోటుండదు, అతని గురించి ఇతరుల మనసుల్లోనూ ఉండదు. ఎన్.సి.సి.లో చేరితే క్రమశిక్షణ అలవడుతుంది. అందులో వచ్చే 'సి' సర్టిఫికెట్టు సైన్యంలో చేరదలచినవారికి ఉపయోగపడుతుంది. శిబిరంలో నమాజుకు వీలుంటుందా అని సందేహపడే తల్లిదండ్రులు ముందుగా అధ్యాపకుణ్ణి మర్యాదగా అడిగి చూడాలి. అడగకుండానే ఉండదని అనుకోవడం మన అలవాటైపోయింది.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పవలసి ఉన్నది. కాలేజీ అయితే సరే, ప్రాజెక్టులూ శిబిరాలూ వద్దు అనే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసిపారేయడం లేదు. బస్సు ఆలస్యమైతే తల్లి గుండె ఎట్లా కొట్టుకుంటుందో తల్లికే తెలుసు. కాని భయానికి మందు తలుపు మూయడం కాదు, ఏర్పాటు చేయడం. మహిళా అధ్యాపకురాలు వెంట ఉండే శిబిరమా అని కనుక్కోవచ్చు. తల్లి ఒకరోజు స్వయంగా వెళ్ళి చూసి రావచ్చు. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కలిసి సొంత మహల్లాలోనే ప్రాజెక్టు చేయవచ్చు. గర్భిణుల ఆరోగ్యం, రక్తహీనత, చిన్నారుల టీకాలు వంటి విషయాలు మగపిల్లలు అడగలేరు, ఇంటి లోపలికి పోలేరు. ఆ పని మన ఆడబిడ్డలే చేయగలరు. హజ్రత్ షిఫా బింతె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పారు. హజ్రత్ ఆయిషా (రజి) దగ్గర పెద్ద పెద్ద సహాబాలే సందేహాలు తీర్చుకున్నారు. వారి పేర్లు మన కూతుళ్ళకు పెట్టుకుని, వారి విద్యను మాత్రం కూతుళ్ళకు వద్దంటే ఎట్లా?

ఇక బీదరికం. కాలేజీ కాగానే మెకానిక్ షెడ్డుకో, బట్టల దుకాణానికో పరుగెత్తే పిల్లలకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయని అడగవచ్చు. వాళ్ళు అప్పుడే తరగతి బయట నేర్చుకుంటున్నారు. ఆ పనినే చదువుతో ముడివేయాలి. దుకాణం జమాఖర్చు పుస్తకం, సరుకు నిల్వ పట్టిక చక్కగా రాయడం కూడా ఒక శిక్షణే. కర్నూలుకో, హైదరాబాదుకో వెళ్ళి రెండు నెలలు నేర్చుకోవలసి వస్తే బస్సు ఛార్జీ, గది అద్దె అడ్డు వస్తాయి. మన అంజుమన్‌లు ఏటా జల్సాలకు వేసే షామియానా ఖర్చులో కొంత తగ్గించినా నలుగురు పిల్లలకు దారిఖర్చు వస్తుంది. జకాత్ సొమ్ము వాడదలిస్తే అర్హత విషయంలో ఉలమాలను అడిగి వాడాలి.

మస్జిద్ కమిటీలకు మా మనవి ఒకటున్నది. జుమా నాడు తప్ప ఖాళీగా ఉండే గది మీ దగ్గర ఉంటే అందులో ఒక బల్ల, రెండు దినపత్రికలు, ఒక దీపం పెట్టండి. ఆదివారం అస్ర్ తర్వాత కాలేజీ పిల్లలు మదరసా పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు చెప్పాలి. మదరసా పిల్లలు వాళ్ళకు ఉర్దూ చదవడం, తజ్వీద్ నేర్పాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ అక్షరం రాని కాలేజీ పిల్లలు, తెలుగు నాట పుట్టి తెలుగులో అర్జీ రాయలేని మదరసా పిల్లలు, ఈ ఇద్దరి లోటూ ఒకే గదిలో తీరుతుంది. మదరసా చదువు పూర్తిచేసినవారు పై చదువుల్లో చేరడానికి 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం బ్రిడ్జి కోర్సులు నడుపుతున్నది. ఆ సంగతి కూడా ఆ గదిలోనే తెలియాలి. 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోనిలో కన్నడం కూడా వినిపిస్తుంది. మూడు భాషలు చెవిన పడే పిల్లలకు ఇంకేం కావాలి, ఆ మూడూ రాయడం నేర్పడం తప్ప!

చేతిలోని ఫోను సంగతి ఒక్క మాట. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే వేదిక ప్రారంభించింది. పెద్ద పెద్ద విద్యాసంస్థల అధ్యాపకుల పాఠాలు అందులో ఉచితంగా వినవచ్చు. రాత్రి రెండు గంటల దాకా వీడియోలు చూసే కంటికి అందులో అరగంట పాఠం బరువు కాదు.

తల్లిదండ్రులారా, ఈ వారం మీ బిడ్డను మార్కులు ఎన్ని వచ్చాయని అడగకండి. ఈ ఏడాది ప్రాజెక్టు ఏమిటి, ఎక్కడ చేస్తున్నావు, ఎవరిని కలిశావు, ఏం రాసుకున్నావు, నాకు చూపించు అని అడగండి. కొని తెచ్చిన రిపోర్టు అయితే మీ కళ్ళలోకి చూడలేరు. సొంతంగా చేసినదైతే రాత్రి భోజనం దగ్గర గంటసేపు చెప్పుకుంటూ పోతారు. విద్యార్థులారా, జిరాక్స్ దుకాణం మెట్లు దిగి మీ వీధిలోకి రండి. పని అక్కడ మీకోసం ఎదురుచూస్తున్నది. లాభం కలిగించే విద్యను అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక, ఆమీన్.