పాజిటివ్ అంటే ఏందో చెప్పేది ఎవరు?

పోయిన నెల మా కాకా, ఆయన బిడ్డ (నాకు చెల్లె) హైదరాబాద్ వచ్చారు. దవాఖానా పని మధ్యాహ్నానికే అయిపోయింది, ఊరి బస్సేమో రాత్రికి. ఇమ్లీబన్‌లో కూర్చుని ఏం చేస్తాం అని నయాపూల్ దాటి చార్మినార్ దిక్కు నడిచాం. మదీనా దాటగానే పత్తర్‌గట్టి. రెండు పక్కలా రాతి కమాన్లు, వాటి కింద పెళ్లి బట్టలు, ముత్యాలు, అత్తరు. 1908 మూసీ వరద తర్వాత పట్నాన్ని బాగు చేసేటప్పుడు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన బజారు ఇది.

ఒక దుకాణం ముందు చెల్లె చున్నీలు చూస్తూ ఆగింది. దుకాణదారు ముందు ఉర్దూలో పిలిచాడు, తర్వాత తెలుగులో. కాకా తెలుగు తడబడేది చూసి మరాఠీ అందుకున్నాడు. ఆదిలాబాద్ వైపు గోండులకు మరాఠీ వస్తుందని ఆయనకు ఎట్లా తెలుసో! బట్ట కాకా చేతిలో పెట్టి, రంగు పోకుండా ఎట్లా ఉతకాలో చెప్పి, "ఏం చెప్పిన్నో చెప్పు" అని మళ్లీ అడిగాడు. చున్నీ కొన్నాం. బయటికొచ్చాక కాకా అన్నాడు: "గీ చున్నీ అమ్మేటందుకు నాకొచ్చిన భాషకాడికి దిగొచ్చిండు. బిడ్డ నెత్తురు తీసుకున్నోళ్లు ఒక్క ముక్క చెప్పలే."

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. అందుకే ఇది రాస్తున్నా.

విషయం ఇది. మా వైపు సికిల్ సెల్ క్యాంపు పెట్టారు. దేశమంతా నడుస్తున్న పనే. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని లక్ష్యం. మంచిదే, మనమే అడిగి చేయించుకోవాల్సిన పరీక్ష. క్యాంపులో చెల్లె వేలు గుచ్చి చుక్క నెత్తురు తీశారు. "పాజిటివ్, పెద్ద దవాఖానాకు పోయి ఇంకో టెస్టు చేయించుకోండి" అన్నారు. అంతే. తర్వాతి వాళ్లను పిలిచారు.

కరోనా తర్వాత మన గూడేల్లో పాజిటివ్ అనే మాటకు ఒకటే అర్థం. జబ్బు ఉంది, దూరం ఉండు. చెల్లెకు అప్పటికే సంబంధం కుదిరింది. వారంలో మాట అటువైపు ఊరికి చేరింది, సంబంధం ఆగిపోయింది. రెండు నెలలు ఆ పిల్ల చేనుకు కూడా పోలేదు.

క్యాంపులో చేసే ఆ మొదటి పరీక్ష నెత్తుట్లో సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అన్నదే చెబుతుంది. జబ్బు ఉన్నోళ్లకూ, జబ్బు లేకుండా ఆ గుణం మాత్రమే మోసే వాళ్లకూ అది ఒకే తీరుగా పాజిటివ్ చూపిస్తుంది. ఎవరు ఏంటో తేల్చేది రెండో పరీక్ష. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఎవరూ ఇవ్వలేదు. ఆ క్యాంపు ఎవరు పెట్టారో ఇక్కడ రాయను. రాస్తే పొద్దున్నుంచి నిలబడి సూదులు గుచ్చిన ఒక సిస్టర్ మీదికి పోతుంది, పైనున్న వాళ్లు తప్పించుకుంటారు.

హైదరాబాద్‌లో రెండో రిపోర్టు ఇచ్చిన రోజు మాకు ఒక మంచి సిస్టర్ దొరికారు. కేరళ ఆమె, తెలుగు అంతంత మాత్రమే. నన్ను గోండిలో చెప్పమన్నారు గానీ మాట్లాడినంతసేపూ కాకా ముఖం, చెల్లె ముఖమే చూశారు. కాకా జేబులో చిల్లర అడిగారు. రూపాయి బిళ్ల మంచిది, రెండు రూపాయల బిళ్ల సికిల్‌ది అనుకొమ్మన్నారు. ప్రతి మనిషికీ అమ్మ నుంచి ఒక బిళ్ల, నాయన నుంచి ఒక బిళ్ల. చెల్లె దగ్గర రూపాయి ఒకటి, రెండు రూపాయలది ఒకటి. అంటే ఆమె వాహకురాలు, రోగి కాదు, దీనికి మందు అవసరం లేదు. చేసుకునేవాడి దగ్గర రెండూ రూపాయి బిళ్లలే ఉంటే పిల్లలకు ఈ జబ్బు రాదు, కొందరు ఆమె లాగే వాహకులు కావచ్చు. వాడూ వాహకుడైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది.

తర్వాత కాకాను తిరిగి చెప్పమన్నారు. కాకా అన్నాడు, "నలుగురు పిల్లలైతే ఒక్కరికొస్తది, ముగ్గురు బతికిపోతరు." ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. బిళ్లలు మళ్లీ కలిపి, "ఒక బిడ్డకు వచ్చిందని తర్వాత బిడ్డకు రాదని కాదు, ప్రతిసారీ లెక్క మొదటి నుంచే" అన్నారు. కాకా రెండోసారి సరిగా చెప్పాడు. మొత్తం పది నిమిషాలు కూడా కాలేదు.

సూది వేయడం, బీపీ చూడటం, చేతులు కడుక్కోవడం నర్సు పని అని మనం అనుకుంటాం. చెప్పడం, అర్థమైందో లేదో తిరిగి చెప్పించుకోవడం కూడా అంతే అసలైన పని. ఇది ఇప్పటి మాట కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వేసిన నోట్స్ ఆన్ నర్సింగ్‌లోనే రోగి మెడ తిప్పాల్సిన పని లేకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడాలని రాసింది. రోగి ఉన్న గదిలో గుసగుసలాడటం క్రూరత్వమని కూడా రాసింది. మన మంచం పక్కన నిలబడి ఇంగ్లిష్‌లో మాట్లాడుకుని వెళ్లిపోవడం గుసగుస కాదా? గట్టిగా వినబడే గుసగుస, అంతే తేడా.

ఇప్పుడు చదువు సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్‌లో బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లోనే కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ ఉంది. ఉండనీ. ఆ పిల్లలు ఎక్కడెక్కడికో ఉద్యోగాలకు పోవాలి. కానీ ఉట్నూరులో, ఏటూరునాగారంలో, భద్రాచలంలో డ్యూటీ చేయబోయే సిస్టర్‌కు గోండి, కొలామీ, కోయ వంద మాటలైనా ఎవరు నేర్పుతున్నారు? ఎక్కడ నొస్తోంది, ఎన్ని రోజుల నుంచి, నీళ్లు తాగావా. గోండిలో నీళ్లు ఏర్. సికిల్ జబ్బు ఉన్న పిల్లకు చెప్పాల్సిన వాటిలో మొదటిది నీళ్లు బాగా తాగమనే. చలికి జాగ్రత్త, జ్వరమొస్తే ఆగకుండా దవాఖానా. ఇవి పోస్టర్ మీద తెలుగులో అంటించి ఆరోగ్య ప్రచారం అంటున్నారు. చదవడం రాని అవ్వకు ఆ పోస్టర్ గోడకు పూసిన రంగు.

నర్సులకు తీరిక ఎక్కడిది అని కొందరు అడుగుతారు. నిజమే. టీచింగ్ దవాఖానాల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు అని కాగితం మీద లెక్క ఉంది. మనం చూసే వార్డుల్లో ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. అందుకే నేను సిస్టర్ల మీద కోపంతో రాయట్లేదు. ఖాళీ పోస్టులు నింపండి అన్నది వాళ్ల డిమాండ్, మనదీ అదే కావాలి. ఇద్దరం వేరువేరుగా అరుస్తున్నాం.

పాతబస్తీలో ఉర్దూ తప్ప వేరే మాట రాని ఆడవాళ్లకూ తెలుగు రాసిన చీటీ ముందు ఇదే తిప్పలు. కాకపోతే ఉర్దూ రాష్ట్రంలో రెండో అధికార భాష, అడిగే హక్కు కాగితం మీదైనా ఉంది. గోండి మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల్లోనే 30 లక్షలకు దగ్గర, అయినా ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే అన్న జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మనం బడి గురించే మాట్లాడాం. దవాఖానా గురించి అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగట్లేదు. ఐటీడీఏ పరిధిలో ఏఎన్ఎం, జీఎన్ఎం సీట్లలో మన పిల్లలు ఎంతమంది, చదివినోళ్లకు పోస్టింగ్ ఎక్కడ ఇస్తున్నారు? మన జిల్లాల నుంచి కేసులు పంపే పట్నం దవాఖానాల్లో మన భాష తెలిసిన ఒక్క మనిషినైనా కూర్చోబెడతారా? ప్రతి మండలంలో ఈ రెండూ రాతపూర్వకంగా అడుగుదాం. క్యాంపు పెట్టిన రోజే, పాజిటివ్ అన్న ప్రతి ఒక్కరికీ రెండో పరీక్ష ఎందుకో వాళ్ల భాషలో చెప్పి పంపాలని కూడా.

కాకా ఆ రెండు బిళ్లలు ఖర్చు పెట్టలేదు. ఊరికి పోయి పటేల్ ఇంటి ముందు కూర్చుని, అటువైపు వాళ్లను పిలిపించి, సిస్టర్ చేసినట్టే చేసి చూపించాడట. పిల్లగాని నాయన అంతా విని, "అయితే మావోనికీ చేపియ్యాలె గదా" అన్నాడట. చేయించాల్సిందే. క్యాంపు మళ్లీ ఎప్పుడో పీహెచ్‌సీలో అడిగాం. ఇంకా తేదీ చెప్పలేదు.