పంచనామాకు చోటేదీ?

ఎన్‌క్రిప్ట్ చేసిన లినక్సు యంత్రంలో క్రాష్ డంప్ కోసం ఎంత మెమరీ అట్టేపెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబుగా ఒక అంకె చెప్పి ఊరుకోవడం పరిపాటి. డిస్కుకు వేసిన తాళాన్ని లెక్కలోకి తీసుకోని అంకె అక్కరకు రాదని నా అభిప్రాయం.

కెడంప్ మనకు మరీ దూరపు సంగతేమీ కాదు. 2005లో ఒట్టావా లినక్సు సదస్సులో దానిని వివరించిన పత్రానికి ఎరిక్ బీడర్‌మన్‌తో పాటు ఐబీఎమ్‌కు చెందిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ కర్తలు. ఆ ఏడే 2.6.13 కెర్నెల్‌లో అది చేరింది. యంత్రం బూట్ అవుతుండగానే కొంత మెమరీని వేరుచేసి, అందులో మరో కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతారు. మొదటి కెర్నెల్ కూలగానే రెండవది లేచి, పోయినదాని మెమరీని డిస్కుపై రాసిపెడుతుంది. పంచనామాకు మనకు మిగిలే ఆధారం అదే. కూలిన కెర్నెల్ మెమరీలోకి పరికరాలు ఇంకా ఏదో రాస్తూనే ఉండవచ్చు. కనుక ఆ చోటును నమ్మలేము. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇక్కడ కుదరదు.

రెడ్‌హ్యాట్ 9లో, 4 నుండి 64 జీబీ ఉన్న ఎక్స్86 యంత్రాలకు సూచించిన కేటాయింపు 256 ఎంబీ. మామూలు డిస్కుకు సాధారణంగా అది చాలు. లక్స్2 డిస్కు సంగతి వేరు. సంకేతపదం నుండి తాళంచెవిని రాబట్టడానికి అది ఆర్గాన్2 వాడుతుంది. 2015లో సంకేతపదాల హ్యాషింగ్ పోటీలో నెగ్గిన ఈ విధానం కావాలనే మెమరీని మింగుతుంది. దొంగ ఒకేసారి వేలాది సంకేతపదాలను ప్రయత్నించకుండా అడ్డుకునేది ఆ ఆకలే. క్రిప్ట్‌సెటప్ దానికి 1 జీబీ దాకా కేటాయిస్తుంది. 256 ఎంబీలో మసలే కెర్నెల్ ఆ తాళాన్ని తీయలేదు. మెమరీ చాలక ఆ ప్రక్రియ ఆగిపోతుంది, డిస్కు తెరుచుకోదు, డంప్ దక్కదు.

డంప్‌ను ఎన్‌క్రిప్ట్ చేయని విభాగంలో రాసుకోమని కొందరి సలహా. దీనికి నేను సమ్మతించను. మచ్చ బొల్లారం నుండి నగరానికి రోజూ బస్సులో ల్యాప్‌టాప్ మోసుకువెళ్ళే మనిషి డిస్కుకు తాళం వేసేది, అది పోయినా తన రాతలు పరులపాలు కాకూడదనే. మేక్‌డంప్‌ఫైల్ వాడుకరి పుటలను వడకట్టినా కెర్నెల్ పుటలను ఉంచుతుంది. డిస్కు తాళంచెవి ఉండేది ఆ పుటల్లోనే. ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికి వేలాడదీసినట్లే.

ఆర్గాన్2 ఆకలిని తగ్గించమనడం మరో సలహా. సంకేతపదం పొడవైనది, యాదృచ్ఛికమైనది అయితే పరవాలేదు. కానీ ఏ ఒక్క తలుపు బలహీనమైనా ఇల్లంతా బలహీనమే.

అందుచేత 64 జీబీ సర్వరులో సంకోచం లేకుండా 1.25 జీబీకి పైగా కేటాయించాలంటాను. ఎంత కావాలో రెడ్‌హ్యాట్, ఫెడోరాలలో కెడంప్‌సీటీఎల్ ఎస్టిమేట్ ఆదేశం చెబుతుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో అయితే అది ఆరోవంతు మెమరీ. అంత ఇవ్వడం ఇష్టం లేకపోతే, కెర్నెల్ లోపాలను వెతికే పని లేనివారు కెడంప్‌ను ఆపివేయడమే మేలు. అన్నిటికంటే చెడ్డది మధ్యేమార్గం: 256 ఎంబీ శాశ్వతంగా పోతుంది, అవసరానికి డంప్ రాదు, రక్షణ ఉందన్న భ్రమ మాత్రం మిగులుతుంది.

2025లో వెలువడిన 6.16 కెర్నెల్ దీనికి సరైన దారి చూపింది. డిస్కు తాళంచెవినే అట్టేపెట్టిన మెమరీలో భద్రపరచి రెండవ కెర్నెల్‌కు అందించే వీలు కల్పించింది. ఆర్గాన్2తో పని లేదు, సంకేతపదం అడగడమూ లేదు. ఈ సౌకర్యం మొదట ఎక్స్86-64 యంత్రాలకే వచ్చింది. అది చేతికందేదాకా, కూలిన యంత్రం ముందు కూర్చుని సంకేతపదం కొట్టే మనిషి కూడా ఉండాలి. ఎవరూ లేని గదిలోని సర్వరు వేచి చూస్తూ ఉండిపోతుంది.

ఏ మార్గం ఎంచుకున్నా, ఒక సెలవునాడు పనులన్నీ భద్రపరచుకుని, సిస్‌ఆర్‌క్యూ ద్వారా కెర్నెల్‌ను మనమే ఒకసారి కూల్చి చూడాలి. డంప్ కళ్ళబడేదాకా కెడంప్ పనిచేస్తోందని అనుకోరాదు.