హైదరాబాదు రాకపోకలు: ఇక సాకులు చెల్లవు

హైదరాబాదు మెట్రో రైలును నిర్మించి నడపుచు వచ్చిన లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీవారు ఆ భారమునుండి తప్పుకొనుటకును, దానిని తెలంగాణ ప్రభుత్వమువారు స్వీకరించుటకును 2025 సెప్టెంబరులో సూత్రప్రాయముగ నంగీకారము కుదిరినది. ఇంచుమించు 13,000 కోట్ల రూపాయల ఋణమును ప్రభుత్వము తలకెత్తుకొనుట యిందలి ముఖ్యాంశము. బేరము మంచిదా, చెడ్డదా యను చర్చ శాసనసభలో జరుగవలసినదే; దానిని మేము తక్కువ చేయము. కాని యీ యంగీకారముతో నొక సాకు నశించినదని పౌరులు గుర్తింపవలెను. బస్సు రాకున్న ఆర్.టి.సి. వారిని, రైలు చాలకున్న కంపెనీవారిని, బాట చెడియున్న నగరపాలక సంస్థవారిని వ్రేలెత్తి చూపి ప్రభుత్వము ప్రక్కకు తొలగుచుండెడిది. ఇకమీద బస్సు ప్రభుత్వముది, మెట్రో ప్రభుత్వముది, బాట ప్రభుత్వముది. ఋణము మాత్రము ప్రజలది.

కొంచెము వెనుకకు పోయి చూతము. ఈ మెట్రో తొలుత 2008లో మేటాస్ సంస్థ నాయకత్వముననున్న కూటమికి దక్కెను. ప్రభుత్వము ద్రవ్యసాహాయ్య మీయనక్కఱలేదనియు, తామే ప్రభుత్వమునకు వేలకోట్లు చెల్లింతుమనియు వారు ముందుకు వచ్చిరి. రైలుబండి నడిపి యెవ్వరు నంత ధనము గడింపలేరు గదా! ఆ ధనము పట్టాలమీద గాక, ప్రక్కనున్న భూములమీద పండవలసినది. ఢిల్లీ మెట్రోను నిర్మించిన శ్రీధరన్ గారు ఆ యేడే కేంద్ర ప్రణాళికా సంఘమునకు లేఖ వ్రాసి యీ ప్రమాదమును హెచ్చరించిరి. హెచ్చరిక పాలకులకు రుచింపలేదు. మఱుసటి సంవత్సరమే సత్యం కంపెనీ గుట్టు బయటపడి, దాని బంధుసంస్థయగు మేటాస్ చతికిలబడి, ఒప్పందము రద్దయ్యెను. 2010లో కుదిరిన క్రొత్త యొప్పందమునందును భూములపై వచ్చు రాబడి యొక మూలస్తంభముగనే నిలిచెను. 2017 నవంబరులో తొలిబండి కదలినది. 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్ల మార్గము సిద్ధమైనది. బండ్లు శుభ్రముగ నున్నవి, వేళకు వచ్చుచున్నవి, దినమునకు నాలుగైదు లక్షల జనులెక్కుచున్నారు. ఇది కాదనువారు లేరు. అయినను అంగళ్ల యద్దెపైన ఆశ పెట్టుకొని కట్టిన రైలు, ప్రయాణికుడు తన యింటినుండి స్టేషనుకు ఎట్లు వచ్చును, దిగిన పిదప ఎట్లు పోవునను ప్రశ్నను గట్టిగ వేసికొనలేదు.

అన్నిటికంటె పెద్ద లోపము మూసీ యొడ్డున కనబడును. జూబిలీ బస్ స్టేషన్ నుండి ఫలక్‌నుమా వఱకు పోవలసిన మార్గము మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గఱనే ఆగిపోయినది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు పాతబస్తీవి. 1578లో పురానాపూలు కట్టిన తరువాతనే 1591లో చార్మినారు లేచినది. అనగా ఈ నగరము వంతెన దాటి పుట్టినది. నాలుగు శతాబ్దములు గడచిన పిదప, కోట్ల రూపాయల రైలు ఆ నదియొడ్డుననే నిలిచి పుట్టినచోటును దూరమునుండి చూచుచున్నది! వీధు లిఱుకు, కట్టడములు ప్రాచీనములు, మసీదులు, ఆషుర్‌ఖానాలు, గుడులు దారిలోనున్నవి; కష్టము నిజమే. 2024 మార్చిలో ఫలక్‌నుమావద్ద శంకుస్థాపన జరిగినది. మార్గమును చాంద్రాయణగుట్ట వఱకు పొడిగింతు మనిరి. మంచిదే. వీధి వెడల్పు కొఱకు ఇల్లో దుకాణమో కోలుపోవు వానికి 2013 నాటి భూసేకరణ శాసనము పరిహారమునకును, పునరావాసమునకును హక్కు నిచ్చుచున్నది. పరిహారము మొదట, పలుగు తరువాత. ఈ వరుస తప్పిన పక్షమున వ్యాజ్యములు పుట్టును. వ్యాజ్యములు పుట్టిన రైలెంత నెమ్మదిగ నడచునో న్యాయస్థానముల నెఱిగిన మాకు తెలియును.

ఇక బస్సుల మాట. నిజాము రాజ్య రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖ నారంభించిరి. రైలు నడపు చేయియే బస్సును నడపినది. నిజాము పరిపాలనను మేము పొగడబోము; కాని రైలు దిగినవానికి బస్సు కావలయునని వారికి తోచినది. 1950లో రైళ్లు కేంద్రమునకు పోయినవి, బస్సులు రాష్ట్రమునకు మిగిలినవి. ఆనాడు తెగిన ముడి నేటికిని పడలేదు. 2019లో ఆర్.టి.సి. కార్మికులు 52 దినములు సమ్మె చేసిన పిమ్మట నగరమున వందలకొలది బస్సులు తగ్గింపబడినవి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడినది. కూలికి, కొలువునకు, కళాశాలకు పోవు ఆడువారు వేలకు వేలు బయలుదేరిరి. దీనిని మేము మనసార మెచ్చుకొందుము. కాని ఎక్కువారు పెరిగినట్లు బస్సులు పెరుగలేదు; మెట్టుపై వ్రేలాడు ప్రయాణమును ఉచితముగ నిచ్చుట సగము వరమే. 2024లో మెట్రో కంపెనీ పెద్దలు ఈ ఉచిత బస్సులవలన తమ బండికి ప్రయాణికులు తగ్గుచున్నారని మొఱవెట్టుకొనిరి. చూడుడు! ఒకే నగరమున బస్సును రైలును ఒకదాని నోటికూడు మఱొకటి లాగుకొను దాయాదులైనవి. బస్సు చిన్న వీధులనుండి జనులను తెచ్చి రైలునకు అందింపవలెను. రైలు దూరము మోయవలెను. ఒకే టిక్కెట్టు రెంటికిని చెల్లవలెను. ఇందులో బ్రహ్మవిద్య యేమియు లేదు.

మఱి పాలకులకు ప్రియమైన విద్య యేది? పైవంతెన. మెహిదీపట్నమునుండి ఆరాంఘరు వఱకు 11.6 కిలోమీటర్ల పొడవున 2009లో తెఱవబడిన పి.వి. నరసింహారావు గారి పేరిటి మార్గము మొదలు, నగరమున వంతెనలు పుట్టగొడుగులవలె లేచినవి. ప్రారంభోత్సవమునకు రిబ్బనున్నది, ఛాయాచిత్రమున్నది. బస్సుల సంఖ్య పెంచుటకు అట్టి యుత్సవమేది? విమానాశ్రయమునకు పోవువారికి వంతెన సుఖమిచ్చినమాట సత్యమే. కాని చౌరస్తా పైనుండి వాహనములను దాటించుటతో రద్దీ నశింపదు. తరువాతి చౌరస్తాకు పోయి కూర్చుండును. త్రోవ సుళువైనదని మఱికొందఱు కార్లు కొందురు, కొలది యేండ్లలో వంతెనయు నిండును. అపుడు దానిపై మఱొక అంతస్తు వేయుదుమా? ఒక బస్సు ఆక్రమించు చోటు రెండు మూడు కార్ల చోటు. బస్సులో ఏబదిమంది, కార్లలో తలకొకరు. చోటును జనులనుబట్టి పంచవలెను గాని బండ్లనుబట్టి కాదని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము స్పష్టముగ చెప్పినది.

బస్సులకు ప్రత్యేకముగ బాట విడువుడన్నంతనే ఢిల్లీని చూపువారు గలరు. అచ్చట 2008లో వేసిన బస్సుబాటను 2016లో పెకలించిన మాట నిజము. అహమ్మదాబాదులో 2009లో మొదలైనది నిలిచిన మాటయు నిజమే. ఒకచోట చెడినదని మానుకొందుమా, మఱొకచోట నిలిచిన కారణమును వెదకుదుమా? ఇఱుకైన సుల్తాన్‌బజారులో బస్సుబాట వేయుమని మేమనము. మెహిదీపట్నమునుండి గచ్చిబౌలికి పోవు విశాలమైన బాటయున్నది. తొలిదశ మెట్రో ఆ దారిన పోలేదు. ఉదయమున మూడు గంటలు, సాయంకాలము మూడు గంటలు ఒక ప్రక్క బస్సులకే యుంచి, ఆఱుమాసములు చూచిన తెలియును.

ఎక్కువారైనను దిగువారైనను అందఱును మొదట పాదచారులే. మెట్రో మెట్లు దిగినవాడు కాలు మోపునది ఎచ్చట? కాలిబాటపై స్కూటరు, జనరేటరు, విద్యుత్ పెట్టె. తప్పించుకొని బాటకు దిగిన కారు మీదికి వచ్చును. 2021లో ట్యాంకుబండుపై ఆదివారము సాయంకాలములు వాహనముల నాపినపుడు కుటుంబములకు కుటుంబములే వచ్చి నడచినవి. నగరవాసి నడువనొల్లడనువారు ఆ గుంపులను జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. కాలిబాటను శుభ్రపఱచుటయనగా తోపుడుబండివానిని తఱిమివేయుటయని అధికారులు కొందఱు తలంచెదరు. 2014 నాటి వీధివర్తకుల శాసనము వానికి చోటు చూపుమని చెప్పుచున్నది. వాని పొట్టకొట్టకయే నాలుగడుగుల దారి విడుచుటకు వీలున్నది.

వీటినన్నిటిని చూచుటకు ఒక సంస్థ లేకపోలేదు. ఏకీకృత నగర రవాణా సంస్థ 2008లోనే ఏర్పడినది. బస్సు, రైలు, బాట, పోలీసు, నగరపాలన అందఱును ఒకచోట కూర్చుండుట దాని యుద్దేశము. కాని శాసనమున పేరు వ్రాయుట వేఱు, అధికారమిచ్చుట వేఱు. ఖజానా తాళపుచెవి లేని అధికారి వినతిపత్రములు వ్రాసికొనును. దాని లోటేమో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లను చూచిన తెలియును. 2003లో మొదలైన ఆ రైళ్లు ఉన్న పట్టాలపైననే పేదవానిని చౌకగ మోసినవి. రెండవదశకు రాష్ట్రము రెండుపాళ్లు, రైల్వే ఒకపాలు పెట్టుకొనవలెను. పట్టాలకంటె వాటాల లెక్క పొడవైనది. 2023 ఏప్రిల్‌లో కొన్ని పొడిగింపులకు పచ్చజెండా ఊపిరి. రైల్వేవారికిని రాష్ట్రమువారికిని నడుమ తీర్పు చెప్పువాడు లేకున్న ఇట్లే యగును.

కావున మెట్రో ఋణమునకు శాసనసభ యామోదమడుగునపుడే, ఈ రవాణా సంస్థకు ద్రవ్యమును, బస్సు రైలు మార్గములను కలిపి నిర్ణయించు హక్కును, దాని మాట వినని శాఖను నిలదీయు బలమును ఇచ్చు బిల్లును సభ ముందుంచవలెనని మా కోరిక. అది పని మొదలుపెట్టి లెక్కచూపువఱకు క్రొత్త పైవంతెనలకు ధనము నిలుపవలెను. ఫలక్‌నుమాకు రైలు ఏ తేదీకి చేరునో, నగరమునకు ఎన్ని క్రొత్త బస్సులు ఏ యేటికి వచ్చునో ఆ సభలోనే మంత్రులు చెప్పవలెను. పఠనమందిరములలో దీనిని చదువు పౌరులు తమ తమ శాసనసభ్యులకు ఒక్కొక్క జాబు వ్రాసి ఈ రెండు తేదీలను అడుగుదురు గాక.