ఊరి సమాజము ఊరిలో ఆడవలెను

ఏటేట ఏప్రిల్ 16వ తేదీన, కందుకూరి వీరేశలింగము పంతులుగారి జయంతినాడు, తెలుగు నాటకరంగ దినోత్సవమని జరుపుకొను సభలలో వక్తలు తప్పక వెలిబుచ్చు ఆవేదన యొకటి కలదు. నాటకము నశించుచున్నదనియు, మొదట సినిమా, పిదప టెలివిజను, ఇప్పుడు చేతిలోని ఫోను దానిని కబళించినవనియు వారు దుఃఖింతురు. ఆ దుఃఖము నిజమైనదే. దాని కారణమును గూర్చిన నిర్ణయము మాత్రము సరియైనది కాదని నా విశ్వాసము. సంక్రాంతి కాలము మొదలుకొని వేసవి గడచువరకు, పట్టణములందే గాక నాలుగు వీథుల పల్లెలయందు సైతము, నాటక పరిషత్తులు పందిళ్లు వేసి పోటీలు నడుపుచునే యున్నవి. వానిలో పాల్గొనుటకు ఊరూరినుండి ఔత్సాహిక సమాజములు దరఖాస్తులు పంపుచునే యున్నవి. క్రొత్త నాటికలు వ్రాయబడుచునే యున్నవి. ఇందరు నటులును, ఇందరు రచయితలును, ఇంత శ్రద్ధయు గల రంగస్థలము ప్రజల జ్ఞప్తినుండి ఎట్లు తొలగిపోయినదని విచారించినచో నాకు తోచు సమాధాన మొక్కటియే: మన నాటకసమాజములు తమ ఊరిలో తాము నాటకమాడుట మానివేసినవి.

ఈ మాట కొందరికి అతిశయోక్తిగా తోచవచ్చును గనుక ఒక సాధారణ సమాజము యొక్క సంవత్సరచర్యను వివరించెదను. సభ్యులు పదిమందికి మించరు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు ఉపాధ్యాయుడు, ఒకరు విద్యుచ్ఛాఖలో లైన్‌మన్, ఒకరు బస్‌స్టాండు ప్రక్కన జిరాక్సు దుకాణము నడుపుకొనువాడు. రాత్రి ఎనిమిది గంటలు దాటిన తరువాత, ప్రధానోపాధ్యాయుని దయవలన లభించిన పాఠశాల గదిలో బల్లలు గోడకు జరిపి రిహార్సలు మొదలిడుదురు. పోర్షను కంఠస్థమగునంతవరకు కొన్ని వారములు, కదలికలు కుదురునంతవరకు మరికొన్ని వారములు గడచును. దర్శకుడు తన నిద్రను, తన జీతములో కొంత భాగమును వెచ్చించి నాటికను నిలబెట్టును. పరిషత్తునుండి పిలుపు రాగానే సెట్టు సామగ్రిని వ్యానులోని కెక్కించి, సెలవు దొరకినవారు ముందుగను, దొరకనివారు సాయంకాలపు బస్సులోను బయలుదేరి, రెండు మూడు జిల్లాలు దాటి ఆ యూరు చేరుదురు. తమ వంతు వచ్చుసరికి రాత్రి పదకొండగునో, అర్ధరాత్రి దాటునో తెలియదు. నిర్వాహకులు విధించిన కొద్ది నిమిషములలో సెట్టు నిలుపవలెను. ఇంచుమించు గంటలో నాటిక ముగింపవలెను. ముందువరుసలో కాగితములు పట్టుకొని కూర్చుండిన న్యాయనిర్ణేతలకు నచ్చవలెను. తెల్లవారుజామున మరల ప్రయాణము, ఉదయము కార్యాలయము. ఇట్లు ఐదారు పరిషత్తులు తిరిగి, ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ దర్శకత్వము, ఉత్తమ ప్రతినాయకుడు అను జ్ఞాపికలతో ఆ సమాజము స్వస్థలమునకు వచ్చును. జ్ఞాపికలు కార్యదర్శి యింటి అలమారులో చేరును. వానిని సంపాదించి యిచ్చిన నాటికను మాత్రము ఆ కార్యదర్శి యింటి యెదుటివారు చూచియుండరు. తమ వీథి దీపములు బాగుచేయు లైన్‌మన్ ఉత్తమ నటుడన్న సంగతి ఆ వీథివారికి తెలియదు. ఇంతటి శ్రమ, ఇంతటి త్యాగము అజ్ఞాతముగా గడచిపోవుట నన్ను మిక్కిలి బాధించుచున్నది.

పరిషత్తులను నిందించుట నా యుద్దేశము కాదు. వానికి మనము ఋణపడియున్నాము. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఆవిర్భవించిన కాలమునను, తరువాత పెక్కేండ్లును, తెలుగు రంగస్థలమును పద్యరాగ వ్యామోహ మావహించియుండెను. కాంట్రాక్టరు ఒక్కొక్క ఊరినుండి ఒక్కొక్క ప్రసిద్ధ గాయకనటుని రప్పించి, ఒక్క రిహార్సలైనను లేకుండ అందరిని ఒకే వేదికపై నిలుపుటయు, ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా ప్రవేశించుటయు, 'వన్స్ మోర్' అను కేకల నడుమ పద్యము మరల మరల సాగుటయు, కథ ఎక్కడనో నిలిచిపోవుటయు నాటి పరిపాటి. పోటీలు ప్రబలిన పిమ్మట దర్శకుడనువా డొకడుండవలెననియు, రచయిత మాటకు విలువ యుండవలెననియు, రెండు మాటల పాత్రధారి సైతము అభ్యాసముతో రావలెననియు ఒక నియమము నెలకొనెను. గద్యసంభాషణల సాంఘిక నాటకమునకు నీడనిచ్చినవి ఈ పోటీలే. ఆత్రేయగారి 'ఎన్.జి.ఓ.' వంటి నాటకమును చిరుద్యోగులే వేషములు కట్టి చిరుద్యోగుల యెదుట ఆడిన దినములు మన రంగస్థల చరిత్రలో ధన్యములైనవి. 1998లో ప్రభుత్వము నంది నాటకోత్సవములు ప్రారంభించుటతో ఈ కృషికి అధికార గౌరవమును లభించెను. అయినను, బహుమతికొరకు ఆడుట అలవాటైన సమాజము క్రమముగా బహుమతి లేనిచోట ఆడుటకు కారణమే కానరాని స్థితికి వచ్చినది. దీనికి బాధ్యత సమాజములదే గాని పరిషత్తులది కాదు.

మన పూర్వులు ఇట్లు చేయలేదు. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చి వెళ్లగా, వారు విడిచిన పాకలోనే వీరేశలింగముగారు తమ విద్యార్థులచేత 'వ్యవహార ధర్మబోధిని' నాడించిరి. అది వకీళ్ల అక్రమములను ఎత్తిచూపు ప్రహసనము. న్యాయస్థానములు గల ఊరిలో, ఆ న్యాయస్థానముల మెట్లెక్కి దిగువారి యెదుట, ఆ ఊరి బాలురు దానిని ప్రదర్శించిరి. తెలుగు నాటక ప్రదర్శనమునకు ఆరంభమని మనము చెప్పుకొను ఘటన స్వరూప మిది. బళ్లారిలో 1886లో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు స్థాపించిన సరసవినోదిని సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు వకీళ్లు నడిపిన సమాజములు. పగలు కోర్టులో వాదించినవారే రాత్రి రంగముపై వాదించిరి. ఒక్క పట్టణమున రెండు సభలు పరస్పర స్పర్ధతో వర్ధిల్లినవనిన, ఆ పట్టణపు ప్రేక్షకు లెంత రసజ్ఞులై యుండిరో ఊహింపవచ్చును. ఆ వాతావరణములోనే ధర్మవరమువారి మేనల్లుడు రాఘవ మహానటుడై పెరిగెను. సరసవినోదినివారు మదరాసు వచ్చి ప్రదర్శించిన నాటకములను చూచి ముగ్ధుడైన పమ్మల్ సంబంధ మొదలియారు 1891లో సుగుణవిలాస సభను స్థాపించి తమిళుల ఔత్సాహిక రంగమునకు పునాది వేసెను. ఒక జిల్లా పట్టణపు సమాజము తన యింట బలపడి పొరుగు భాషకు దారిచూపిన వృత్తాంత మిది. మన పాఠ్యపుస్తకములలో దీనికి మరింత చోటుండవలెను.

విజయనగరము సంగతి ఇంకను విశేషమైనది. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1897లో అచ్చగుటకు ముందే, 1892లో, ఆ పట్టణమందలి జగన్నాథ విలాసినీ సభవారిచేత ప్రదర్శింపబడెను. పుస్తకము తరువాత వచ్చినది, ప్రేక్షకులు ముందు వచ్చిరి. 1909లో రచయిత దానిని విస్తరించి, ఇంచుమించు క్రొత్త నాటకమే యనదగినట్లు మరల ప్రకటించెను. ఆ రెండవ కూర్పు బొంకులదిబ్బమీద ఆరంభమగును. బొంకులదిబ్బ విజయనగరము కోటవద్ద నిజముగా నున్న స్థలము. పాత్రల పలుకుబడి ఆ సీమది, ఆశలు ఆ సీమవి, పాపములును ఆ సీమవే. అర్ధశతాబ్దము గడచిన తరువాత, 1950లలో, ఆ విజయనగరములోనే జె.వి. రమణమూర్తిగారు గిరీశముగను, వారి యన్నగారు, రెవిన్యూ శాఖలో ఉద్యోగియైన సోమయాజులుగారు రామప్పపంతులుగను నిలిచి, ఆ నాటకమును పునరుజ్జీవింపజేసి, దశాబ్దముల తరబడి ఆడుచునేయుండిరి. 1980లో 'శంకరాభరణము' విడుదలైనప్పుడు దేశమంతయు ఆశ్చర్యపడిన సోమయాజులుగారి ఆ నిండైన వాచికము, ఆ మౌనము, ఆ నిలుకడ ఒక్కనాటిలో సినిమా స్టూడియోలో పుట్టినవి కావు. ఊరి సమాజములో, ఒకే నాటకమును ఎన్నియోసార్లు ఆడుటలో అవి పరిపాకము పొందినవి.

ఈ పునరావృత్తి విషయమును కొంచెము వివరించుట అవసరము. ఒక నాటకమును ఒకే ఊరివారి యెదుట పలుమారు ఆడిన సమాజమునకు, ఏ మాటవద్ద ప్రేక్షకుడు నవ్వునో, ఏ ఘట్టమున దగ్గులు మొదలగునో, ఏ సంభాషణ బరువై క్రుంగునో విదితమగును. రచయిత ఆ భాగమును తగ్గించును. నటుడు తొందర విడిచి నిమ్మళించుట నేర్చును. ఊరూరికి మారిపోవు నిర్ణేతల యెదుట ఒక్కొక్కసారి మాత్రమే ఆడబోవు నాటికకు ఈ విద్య అబ్బదు. దానికి మొదటి నిమిషమునుండియే మార్కులు రావలెను. కావుననే మన పరిషత్తు నాటికలలో అనేకము గంటసేపటిలో తల్లిదండ్రుల నిరాదరణము, అప్పులు, ఆత్మహత్య, పశ్చాత్తాపము అన్నింటిని క్రిక్కిరియజేసి, చివరి ఐదు నిమిషములలో బిగ్గరగా రోదించి, ఒక దీర్ఘోపన్యాసముతో ముగియుచున్నవి. వానిలో నిజమైన ఆవేదన లేదనను, ఉన్నది. కాని ఆ పాత్రల ఊరికి పేరుండదు, వారి మాటకు సీమ యుండదు. శ్రీకాకుళపు రైతును, పాలమూరు వలసకూలియు ఒకే పలుకుబడితో మాటలాడుదురు. ఏలయన, ఏ జిల్లా నిర్ణేతకును కొరుకుడుపడని మాట యుండరాదని రచయిత జాగ్రత్తపడును. తన ఊరివారికొరకు వ్రాయు రచయిత కీ భయము లేదు. తన కాలువను, తన సంతను, తన మునిసిపాలిటీ చెత్తకుప్పను పేరుపెట్టి పిలువగలడు.

స్త్రీపాత్రల సమస్యయు ఇచటనే ముడివడియున్నది. తెనాలి రామవిలాస సభలో స్థానము నరసింహారావుగారు సత్యభామగను, మధురవాణిగను చూపిన ప్రతిభ అసాధారణము; 1956లో పద్మశ్రీ పొందిన ఆ మహనీయుని తలచినప్పుడు ఎవరికైనను శిరస్సు వంగును. అయినను స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని బళ్లారి రాఘవ పట్టుబట్టినది న్యాయము, కాలమును ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. నేడు సమాజములన్నియు కొద్దిమంది నటీమణులపైననే ఆధారపడియున్నవి. వారు ఒక్కొక్క ఋతువులో అనేక సమాజములకు పనిచేయుచు, ఒక రాత్రి ఒక ఊరిలో తల్లిగా, మరునాటి రాత్రి మరియొక ఊరిలో కోడలుగా నటించి, నిద్రలేని ప్రయాణములతో ఈ రంగమును బ్రతికించుచున్నారు. వారి ఋణము తీరునది కాదు. కాని రిహార్సలు గదిలో వారి స్థానమున మరియొకరు నిలబడి మాటలందించుట, అసలు నటి ప్రదర్శనదినమున వచ్చి కలియుట ఏ నాటకమునకును క్షేమకరము కాదు. ఊరిలోనే ఉపాధ్యాయినులు, ఉద్యోగినులు, కళాశాల విద్యార్థినులు లేరా? ఉన్నారు. అర్ధరాత్రి పరస్థలమున ప్రదర్శనమనగా వారి యిండ్లలో సంకోచము కలుగుట సహజము. సాయంకాలము ఊరి బడిలో రిహార్సలు, ఊరి వేదికపై ప్రదర్శనము, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు అనినచో ఆ సంకోచమునకు చోటుండదు. తల్లిదండ్రులే మొదటి వరుసలో వచ్చి కూర్చుందురు.

ఇక ధనము, స్థలము. పెక్కు పట్టణములలో టౌనుహాలో, కళాక్షేత్రమో కలదు. దాని అద్దె వివాహములవారు చెల్లింపగల అద్దె. మునిసిపల్ కౌన్సిళ్లను నేను కోరునది స్వల్పము: నెలకొక సాయంకాలము స్థానిక సమాజమునకు నామమాత్రపు రుసుముతో హాలు నిచ్చి, దీపముల ఖర్చు భరింపవలెను. హైదరాబాదులో 1961నుండి రవీంద్రభారతి యుండుట మనకు గర్వకారణమే. కాని నల్లగొండలోని సమాజమునకు నల్లగొండలోనే ఒక వేదిక కావలెను. ప్రవేశమునకు చిన్న టిక్కెట్టు తప్పక యుండవలెనని కూడ నా యభిప్రాయము. ఉచితముగా పిలువబడిన అతిథికంటె పదిరూపాయలిచ్చి వచ్చిన ప్రేక్షకుడు నాటకమును శ్రద్ధగా చూచును, నచ్చనిచో నచ్చలేదని చెప్పు హక్కును పొందును. పరిషత్తు నిర్వాహకులకును ఒక విన్నపము: దరఖాస్తులో ఒక గడి చేర్చి, ఆ నాటిక సమాజము స్వస్థలమున కనీసము మూడు ప్రదర్శనములు జరుపుకొనినదై యుండవలెనని నియమింపుడు. ఆ నియమమొక్కటి అనేక గ్రామముల వేదికలపై మరల దీపములు వెలిగింపగలదు.

ఎవరు వత్తురని కొందరు సంశయింతురు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున 'కీచకవధ'తో బయలుదేరిన కుటుంబముల వారసులు 'మాయాబజారు' నాడుచుండగా, ఫోనులతో పెరిగిన పిల్లలు నోరు తెరచి చూచుట హైదరాబాదులో నేటికిని కాననగును. జాతరలలో పద్యనాటకమునకు తెల్లవారువరకు కూర్చుండు జనము ఇంకను గలరు. తన ఊరివాడు, తన కూతురి ఉపాధ్యాయుడు, తనకు తెలిసిన లైన్‌మన్ వేషము కట్టెనని వినినచో చూచుటకు రానివారెవరు?

రాబోవు ఋతువునకు సమాజములు ఇప్పటికే నాటికలను ఎన్నుకొనుచుండును. పరిషత్తునకు దరఖాస్తు పంపుటకు ముందుగా మీ ఉన్నతపాఠశాల ఆవరణలో ఒక శనివారపు సాయంకాలము నిర్ణయింపుడు. ఊరి రచయితను, ఊరి హార్మోనిస్టును పిలువుడు. నాటకము ముగిసిన పిదప సెట్టు విప్పు తొందరలో పడక, మేకప్ తుడుచుకొని వచ్చి ప్రేక్షకులతో కూర్చుండి వారి మాట వినుడు. రెండవ ప్రదర్శనపు తేదీని ఆ రాత్రియే వేదికమీదినుండి ప్రకటింపుడు.